గాలి వేడి కొలిచే సెన్సర్ చోటు మార్చాలా? ముందు అది దేన్ని కొలుస్తోందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరుండేది విజయనగరం. బండి పదమూడేళ్ళ నాటి పెట్రోల్ కారు, టర్బో లేదు. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతూ దారిలో టీకి ఆగి, పావుగంట తర్వాత మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపటిదాకా బండి లాగదు. రెండో గేరు దాటనివ్వదు. ఫోన్‌కి కలిపిన ఓబీడీ స్కానర్ (ఇంజిన్ రీడింగులు చూపే చిన్న పరికరం) ఆ సమయంలో ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ 68 డిగ్రీలు చూపిస్తోంది, బయట మాత్రం 36. సెన్సర్ ఇత్తడి బాడీది, సిలిండర్లకు గాలి పంచే అల్యూమినియం గొట్టాల అమరికకి, అంటే ఇంటేక్ మానిఫోల్డ్‌కి, మరతో బిగించి ఉంది. దాన్ని ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి మారిస్తే పికప్ వస్తుందని ఒక గ్యారేజీలో చెప్పారు. సెన్సర్ బదులు ఆన్‌లైన్‌లో దొరికే రెసిస్టర్ పెట్టేస్తే చాలని ఇంకొకరు అన్నారు.

రెసిస్టర్ మాత్రం వద్దు. చోటు మార్చడం మీ బండికి పనికొచ్చే అవకాశం ఉంది. కాకపోతే ఆ 68 డిగ్రీలు ఇంజిన్ పీల్చే గాలి వేడా, మానిఫోల్డ్ లోహం వేడా అన్నది ముందు తేలాలి. గాలి నిజంగానే అంత వేడిగా ఉంటే సెన్సర్ తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టే. అప్పుడు దాన్ని కదిపితే ఇంజిన్‌కి ఉన్న రక్షణను మీ చేత్తో మీరే తీసేసినట్టవుతుంది. లోహం వేడిని గాలి వేడిగా చూపిస్తుంటే మాత్రం మార్చడం న్యాయమే.

ఈ సెన్సర్ లోపల ఉండేది ఒక చిన్న థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. కార్లలో ఎక్కువగా వాడే రకం 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు కిలో ఓమ్‌ల మధ్య, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపిస్తుంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, తన లోపలి నుంచి ఒక రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత వోల్టేజి నిలిచిందో చూసి ఉష్ణోగ్రత లెక్క కడుతుంది. వైరు తెగితే 5 వోల్టులూ అలాగే నిలుస్తాయి, స్కానర్‌లో మైనస్ 40 కనబడుతుంది, పి0113 కోడ్ పడుతుంది. రెండు వైర్లూ కలిసిపోతే దీనికి తలకిందులుగా జరుగుతుంది, పి0112 వస్తుంది. మీకు ఈ కోడ్లేవీ లేవన్నారు కాబట్టి సర్క్యూట్ బతికే ఉంది.

ఆ అంకెతో ఈసీయూ రెండు పనులు చేస్తుంది. మొదటిది పెట్రోల్ లెక్క. మీ ఇంజిన్‌లో గాలిని నేరుగా తూచే ఎయిర్ ఫ్లో మీటర్ లేదు. మానిఫోల్డ్ ప్రెషర్, ఇంజిన్ వేగం, గాలి ఉష్ణోగ్రత ఈ మూడింటినీ కలిపి సిలిండర్‌లోకి ఎంత గాలి వెళ్ళిందో ఈసీయూ అంచనా కడుతుంది. వేడి గాలి పలచబడుతుంది. 36 డిగ్రీల గాలితో పోలిస్తే 68 డిగ్రీల గాలి అదే ప్రెషర్ దగ్గర తొమ్మిది శాతానికి పైగా తేలిక. ఇది కెల్విన్ లెక్క: 309ని 341తో భాగిస్తే 0.906 వస్తుంది. మన ఎండల్లో మూడు డిగ్రీలకు ఒక శాతం అని గుర్తుంచుకుంటే సరిపోతుంది.

రెండోది ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడు పడాలన్నది. మీకు పికప్ పోయిందని అనిపించేది ఎక్కువగా దీనివల్లే. గాలి వేడిగా ఉంటే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్, గాలి కొంత అదుపు లేకుండా తనంతట తానే అంటుకోవడం) వచ్చే ప్రమాదం ఎక్కువ, అందుకే ఈసీయూ స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది. స్పార్క్ ఆలస్యమైతే అదే పెట్రోల్‌కి వచ్చే బలం తగ్గుతుంది. పెట్రోల్ లెక్కలో పొరపాటు ఉంటే సైలెన్సర్ వైపు ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి సరిచేస్తుంది. టైమింగ్‌ని అలా సరిచేసేవాళ్ళు లేరు. నాక్ సెన్సర్ ఉన్నా అది నాకింగ్ వచ్చినప్పుడు టైమింగ్ తగ్గించడానికే ఉంది. గాలి చల్లగానే ఉంది, టైమింగ్ పెంచు అని చెప్పడం దాని పని కాదు. కాబట్టి గాలి సెన్సర్ తప్పు చెబితే టైమింగ్‌లో ఆ తప్పు అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. చాలామంది ఇది వదిలేసి నేరుగా డ్రిల్లింగ్ మెషిన్ అందుకుంటారు.

మొదట తెల్లవారుజామున చూడండి. రాత్రంతా నిలిపిన బండిలో ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం ఆన్ చేసి, గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ఉష్ణోగ్రత, బయటి వేడి మూడూ పోల్చండి. రెండు మూడు డిగ్రీల తేడాతో మూడూ దగ్గరగా ఉండాలి. గాలి సెన్సర్ ఒక్కటే పది డిగ్రీలు పక్కకి పోతే అది పాడైంది, లేదా కప్లర్‌లో (వైర్లు కలిపే కనెక్టర్‌లో) దోషం ఉంది. ఆ దశలో చోటు మార్చే మాటే ఎత్తకండి. పాడైన సెన్సర్‌ని ఎక్కడ పెట్టినా పాడైనదే.

రెండోది హైవే మీద. విజయనగరం నుంచి నాతవలస వైపు వెళ్ళి ఎన్‌హెచ్ 16 ఎక్కి, శ్రీకాకుళం దిక్కుగా 80 వేగంతో ఒక పదిహేను నిమిషాలు ఆగకుండా పోనివ్వండి. ఏసీ, టాప్ గేరు, నిలకడైన వేగం. అప్పుడు రీడింగ్ బయటి వేడికన్నా పది పదిహేను డిగ్రీల లోపే ఎక్కువ ఉండాలి. అంత వేగంలో కూడా ముప్ఫై డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందంటే ఇంజిన్ బానెట్ లోపలి వేడి గాలిని పీలుస్తోందని అనుమానించాలి. దాని సంగతి కింద రాశాను.

మూడోది మీ సమస్య అసలు రూపం. వేడి ఇంజిన్‌ని ఆపి, బానెట్ తెరవకుండా పావుగంట ఆగి, మళ్ళీ స్టార్ట్ చేసి బయల్దేరండి. ఆపగానే కూలెంట్ తిరగడం ఆగుతుంది, బానెట్ లోపల గాలి కదలదు, ఇంజిన్ వేడంతా పైకి లేచి మానిఫోల్డ్‌లోకి పాకుతుంది. కాబట్టి స్టార్ట్ చేసిన క్షణంలో 65, 70 కనబడటంలో వింతేమీ లేదు, ఏ కారైనా అంతే. మీరు చూడాల్సింది ఆ అంకె ఎంత త్వరగా దిగుతుందన్నది. బండి కదిలి గాలి బాగా పీల్చడం మొదలయ్యాక ఒకటి రెండు నిమిషాల్లో గబగబా దిగిపోతే సెన్సర్ గాలిని చూస్తున్నట్టు. పది నిమిషాలైనా 60 దగ్గరే తిష్ఠ వేసుకుని కూర్చుంటే, ఆ ఇత్తడి బాడీలోకి మానిఫోల్డ్ వేడి పాకుతోందనుకోవచ్చు.

అనుకోవచ్చు అన్నాను, ఎందుకంటే గాలి కూడా వేడి మానిఫోల్డ్ గుండా వెళుతూ నిజంగానే వేడెక్కుతుంది. అందులోనూ ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు గాలి లోపల ఎక్కువసేపు ఉంటుంది. తేల్చుకోవడానికి ఒక మంచి మార్గం ఉంది. థర్మోకపుల్ వైరుతో (కొస దగ్గరి వేడిని కొలిచే వైరుతో) వచ్చే మామూలు డిజిటల్ మల్టీమీటర్ తీసుకోండి, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో తక్కువకే దొరుకుతుంది. ఆ సన్నటి వైరు కొసను త్రాటిల్ బాడీకి (పెడల్ నొక్కితే తెరుచుకునే గాలి ద్వారానికి) ముందున్న రబ్బరు హోస్ లోపల, గోడకి తగలకుండా, గాలి మధ్యలో ఉండేలా గట్టిగా కట్టండి. క్లిప్పు కింద నుంచి వైరు బయటికి తీసి మీటర్‌ని పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ చేతికివ్వండి. కొస ఊడి ఇంజిన్‌లోకి పోకుండా కట్టడం ముఖ్యం. నడిపేవాళ్ళు మీటర్ వంక చూడొద్దు. అంకెలు పక్కవాళ్ళు రాసుకోవాలి.

హోస్‌లో గాలి 42, స్కానర్‌లో 62 అని వచ్చిందనుకుందాం. ఆ ఇరవై డిగ్రీలూ అబద్ధమని కాదు. కొంత నిజంగా మానిఫోల్డ్‌లో వచ్చిన వేడి, కొంత సెన్సర్ బాడీ వేడి. ఏది ఎంతో విడదీసేది ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఆక్సిజన్ సెన్సర్ మాట విని ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో స్కానర్‌లో చూపే అంకె.

గాలి నిజంగా 50 డిగ్రీలుండి సెన్సర్ 68 చెబితే, ఈసీయూ గాలిని అయిదు శాతం తక్కువగా లెక్కేసి, పెట్రోల్ కూడా అయిదు శాతం తక్కువ కొడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ అది పసిగట్టి పెంచమంటుంది, షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే దిద్దుబాటు) ప్లస్‌లోకి వెళుతుంది. అంటే వేడెక్కిన సమయంలో ట్రిమ్ ప్లస్‌లోకి ఎగబాకి, రీడింగ్ దిగుతున్నకొద్దీ మళ్ళీ సున్నా వైపు వస్తే సెన్సర్ ఎక్కువ చెబుతోందని సాక్ష్యం దొరికినట్టే. రీడింగ్ 68 ఉన్నా ట్రిమ్ కదలకపోతే, గాలి నిజంగానే వేడిగా ఉండొచ్చు, లేకపోతే ఆ చోట సెన్సర్ కొంత ఎక్కువ చూపిస్తుందని కంపెనీవాళ్ళు ముందే లెక్కలో కలిపేసి ఉండొచ్చు. రెండింట్లో ఏదైనా సరే, పెట్రోల్ లెక్క సరిగ్గానే ఉందని అర్థం. అలాంటి బండిలో సెన్సర్ మారిస్తే చక్కగా ఉన్న లెక్కని చెడగొట్టినట్టవుతుంది.

ట్రిమ్ చూసేటప్పుడు ఇప్పటి పెట్రోల్ సంగతి మరవకండి. బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇ20. మామూలు పెట్రోల్‌కి ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఇ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఎక్కువ పెట్రోల్ కావాలి. పాత లెక్కలతో వచ్చిన మీ కారులో ట్రిమ్ ఎప్పుడూ కొంత ప్లస్‌లోనే ఉండటం దీనివల్ల కావచ్చు. దాన్ని సెన్సర్ మీదికి తొయ్యకండి. ఇ20 వల్ల వచ్చే ప్లస్ ఉదయం చల్లగా బయల్దేరినా ఉంటుంది, మధ్యాహ్నం హైవే మీదా ఉంటుంది. వేడి రీస్టార్ట్ తర్వాత మాత్రమే అదనంగా పెరిగే భాగమే మన లెక్కలోకి వస్తుంది.

ఇవన్నీ చూస్తున్నప్పుడే టైమింగ్ అడ్వాన్స్ (స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందుగా పడుతోందో చెప్పేది) అనే అంకె కూడా రికార్డు చెయ్యండి. ఉదయం చల్లటి బండితో ఒక గేరులో, ఒక వేగంలో, త్రాటిల్ కొంత నొక్కినప్పుడు ఎంత ఉందో, వేడి రీస్టార్ట్ తర్వాత అదే గేరు, అదే వేగం, అదే త్రాటిల్‌కి ఎంత ఉందో పోల్చండి. నాలుగైదు డిగ్రీలు తగ్గి ఉంటే మీకనిపించిన బరువుకి కారణం దొరికింది. టైమింగ్ మారకుండా బండి మాత్రం లాగకపోతే ఇగ్నిషన్ కాయిల్ వేడికి బలహీనపడటం, పెట్రోల్ పంపు ప్రెషర్ పడిపోవడం వంటివి వెతకాలి. కాయిల్ వేడెక్కాకే మిస్సింగ్ ఇచ్చే బళ్ళు మా దగ్గరికి చాలా వస్తాయి, వాటి ఓనర్లందరూ ముందు సెన్సర్‌నే అనుమానిస్తారు. కూలెంట్ అంకె కూడా చూడండి. ఘాట్‌లో అది 100 దాటి పోతుంటే రేడియేటర్, ఫ్యాన్, థర్మోస్టాట్ చూసుకోవాలి. కూలెంట్ వేడెక్కినా ఈసీయూ టైమింగ్ తగ్గిస్తుంది.

ఘాట్ గురించి ఇంకో మాట. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడికి చేరేసరికి గాలి ప్రెషరే పదో వంతు తగ్గిపోతుంది, టర్బో లేని ఇంజిన్ బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, వెనక సామాను పెట్టుకుని ఎక్కుతుంటే చిన్న ఇంజిన్‌కి అది భారమే. ఏ సెన్సర్ ఎక్కడ పెట్టినా ఆ పదో వంతు తిరిగి రాదు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కే లారీవాళ్ళకి ఇది బాగా తెలుసు, అందుకే ముందే గేరు దించుకుంటారు. మీ పరీక్ష కూడా కింద ఎస్.కోట దగ్గర చదును రోడ్డు మీద ఆగి, స్టార్ట్ చేసి చూడండి. అప్పుడు ఎత్తు ప్రభావం కలవదు.

పరీక్షలో గాలి నిజంగానే వేడిగా ఉందని తేలితే చెయ్యాల్సిన పని గాలిని చల్లబరచడం. నాకు ఈ పనే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇక్కడ లాభం నిజమైనది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి ముందుండే ప్లాస్టిక్ గొట్టం చూడండి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది హెడ్‌లైట్ వెనక నుంచో రేడియేటర్ పైనుంచో బయటి చల్లగాలి పట్టుకునేలా ఉంటుంది. ముందు బంపర్‌కి దెబ్బ తగిలి రిపేరు చేయించిన పాత బళ్ళలో చాలావాటికి ఆ గొట్టం ఉండదు, విరిగితే పారేసి మళ్ళీ పెట్టరు. అప్పుడు ఫిల్టర్ నేరుగా రేడియేటర్ వెనక వచ్చే వేడి గాలిని పీలుస్తుంది. దాన్ని తిరిగి పెడితే రీడింగ్ దానంతటదే దిగుతుంది, ఇంజిన్‌లోకి నిజంగా చల్లటి గాలి వెళుతుంది. ఫిల్టర్ డబ్బా క్లిప్పులు విరిగి మూత సరిగ్గా కూర్చోకపోయినా ఇదే బాధ, పైగా దుమ్ము కూడా లోపలికి పోతుంది. చూడటానికి బాగుంటుందని డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ పెట్టించుకునే కుర్రాళ్ళకి కూడా ఇదే చెబుతాను. సౌండ్ మారుతుంది, కానీ రోహిణి కార్తెలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అది పీల్చేది పొయ్యి మీది గాలి.

కొందరు త్రాటిల్ బాడీ గుండా వెళ్ళే కూలెంట్ పైపులు కట్ చేసి కలిపేస్తే మానిఫోల్డ్ చల్లబడుతుందంటారు. ఆ పైపులు చలిలో త్రాటిల్‌కి మంచు పట్టకుండా వేడి చేసేవి, మన దగ్గర అంత చలి లేని మాట నిజమే. కానీ కొన్ని పాత ఇంజిన్లలో చల్లటి స్టార్ట్‌కి ఐడిల్ (పెడల్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచే వాల్వ్ ఆ కూలెంట్ వేడితోనే మూసుకుంటుంది. అది మూసుకోకపోతే ఐడిల్ ఎప్పుడూ పైనే ఉంటుంది. మీ ఇంజిన్‌లో ఆ వాల్వ్ లేదని ఖాయం చేసుకోకుండా ఆ పైపుల జోలికి వెళ్ళకండి.

సెన్సరే తప్పు చెబుతోందని తేలింది అనుకుందాం. అప్పుడు కూడా మొదటి పని దాన్ని విప్పి శుభ్రం చెయ్యడం. ఇంజిన్ నుంచి తిరిగొచ్చే ఆయిల్ ఆవిరి దాని కొస మీద నల్లగా పేరుకుంటుంది. ఆ పొర ఉన్నంతకాలం గాలి మార్పు సెన్సర్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. కార్బ్ క్లీనర్ కొంచెం కొట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, బాగా ఆరాక పెట్టండి. కప్లర్ పిన్నులు కూడా చూడండి. భీమిలి, భోగాపురం, కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రం పక్కన తిరిగే బళ్ళలో పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. చిలుము రెసిస్టెన్స్‌ని పెంచుతుంది, రెసిస్టెన్స్ పెరిగితే ఈసీయూకి గాలి చల్లగా ఉన్నట్టు కనబడుతుంది. అంటే ఇది మీ సమస్యకి వ్యతిరేక దిశలో తప్పు. వేడి ఎక్కువ ఉన్నప్పుడు సెన్సర్ రెసిస్టెన్స్ ఎలాగూ మూడు నాలుగు వందల ఓమ్‌లే కాబట్టి, అప్పుడు చిలుము చేసే తప్పు బాగా పెద్దదవుతుంది. చోటు మార్చాక సెన్సర్ నిజం కన్నా కొంచెం తక్కువ చెబుతుంది, ఆ తర్వాత కప్లర్ చిలుము పడితే రెండు తప్పులూ ఒకే వైపు కలుస్తాయి. అందుకే ముందే శుభ్రం చేసుకోమంటున్నాను.

రెండో పని, చోటు మార్చకుండానే సెన్సర్ రకం మార్చడం. మీది మూసిన ఇత్తడి కొస ఉన్న పాత రకం. అదే రెసిస్టెన్స్ లెక్కతో, ప్లాస్టిక్ బాడీతో, థర్మిస్టర్ చుట్టూ చిన్న పంజరంలా కోతలుండి గాలి నేరుగా తగిలే రకం దొరుకుతుంది. ప్లాస్టిక్ గుండా మానిఫోల్డ్ వేడి అంతగా పాకదు, తెరిచిన కొస గాలి మార్పుని త్వరగా పట్టుకుంటుంది. చోటు అదే కాబట్టి కంపెనీ లెక్క పెద్దగా చెడదు. మర కొలత కలవకపోతే లేత్ వర్క్‌షాపులో అడాప్టర్ చేయించుకోవచ్చు. కాకపోతే కొస గాలి మధ్యలోకి చేరేంత పొడవుండాలి. కొనేముందు పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి, ఒకసారి మామూలు నీళ్ళలో, ఒకసారి వేడినీళ్ళలో కొసలు మాత్రం ముంచి మల్టీమీటర్‌తో కొలవండి. తెరిచిన కొస ఉన్నదాన్ని పల్చటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంచండి, నీళ్ళు తగిలితే కొలత తప్పుతుంది. రెండూ రెండు చోట్లా దగ్గర దగ్గరగా ఉంటేనే కొనండి. నేనైతే మీ బండికి మొదట ఇదే చేస్తాను.

ఇది దొరక్కపోయినా, చేసినా తేడా రాకపోయినా, అప్పుడు చోటు మార్చండి. మార్చే చోటు ఫిల్టర్ డబ్బాలో ఫిల్టర్‌కి అవతల, అంటే శుభ్రమైన గాలి ఉండే వైపు. లేదా డబ్బాకీ త్రాటిల్ బాడీకీ మధ్యనున్న హోస్. వీలైనంత త్రాటిల్ బాడీకి దగ్గరగా ఉంటే నయం, సిలిండర్‌లోకి వెళ్ళే గాలికి అది దగ్గర నిజం. ఫిల్టర్‌కి ముందు వైపు పెట్టొద్దు. అక్కడ దుమ్మూ వాన నీళ్ళూ తగులుతాయి. మన తుపాను వానల్లో రోడ్డు మీది నీళ్ళు ఆ గొట్టం దాకా చిందుతాయి.

డబ్బా బండి నుంచి విప్పి, ఫిల్టర్ తీసి, బయట పెట్టి రంధ్రం చెయ్యండి. ప్లాస్టిక్ పొట్టు ఒక్క ముక్క కూడా లోపల మిగలకూడదు. సెన్సర్‌ని రబ్బరు గ్రోమెట్‌లో బిగుతుగా కూర్చోబెట్టండి. అక్కడ సందు ఉంటే ఫిల్టర్ దాటని దుమ్ము ఆ దారిన నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, రింగులు అరిగిపోతాయి. మన ఊళ్ళ మట్టిరోడ్ల మీద దీని ఫలితం త్వరగానే కనబడుతుంది.

వైర్లు పొడిగించేటప్పుడు చాలామంది రెసిస్టెన్స్ పెరుగుతుందేమోనని టెన్షన్ పడతారు. ఒక మీటరు రాగి వైరు రెసిస్టెన్స్ ఓమ్‌లో చిన్న భాగం, సెన్సర్‌ది వందలు, వేలు. కాబట్టి పొడవుతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా జాయింట్లతోనే. మెలితిప్పి టేపు చుట్టడం కాదు, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యాలి. సెన్సర్‌కి వచ్చే రెండు వైర్లలో ఒకటి ఎర్తు వైరే అయినా దాన్ని దగ్గర్లో ఉన్న బాడీ బోల్ట్‌కి కట్టకండి. అది ఈసీయూ దాకా వెళ్ళాల్సిన సెన్సర్ ఎర్తు, బాడీకి కడితే ఫ్యాన్ తిరిగినప్పుడల్లా రీడింగ్ ఊగుతుంది. కుదిరితే కంపెనీ వైరింగ్ కొయ్యకుండా, అదే రకం కప్లర్ జత కొని మధ్యలో పొడిగింపు వైరు చేయించుకోండి. నచ్చకపోతే పీకేసి పాత చోట పెట్టుకోవచ్చు. వైర్లు సైలెన్సర్ మానిఫోల్డ్‌కి, స్పార్క్ ప్లగ్ వైర్లకి దూరంగా పోనివ్వండి.

మానిఫోల్డ్‌లో మిగిలిన పాత రంధ్రానికి సరైన మర ఉన్న ప్లగ్ రాగి వాషర్‌తో వెయ్యాలి. ఎమ్‌సీల్ పూసి వదిలెయ్యొద్దు. అది వేడికి పగిలితే అక్కడ గాలి లీకవుతుంది, ఐడిల్ పైకీ కిందకీ ఊగుతుంది. ఆ ముక్క ఊడిందంటే వెళ్ళేది వాల్వుల దగ్గరికే.

బిగించాక బ్యాటరీ నెగటివ్ కాసేపు తీసి పెట్టండి, లేదా స్కానర్‌తో పాత ట్రిమ్ చెరిపెయ్యండి. కొన్ని రోజులు మామూలుగా తిప్పి లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ గుర్తుపెట్టుకునే దిద్దుబాటు) చూడండి. ఇప్పుడు సెన్సర్ చూసేది మానిఫోల్డ్‌లో వేడెక్కకముందు గాలి కాబట్టి, ట్రాఫిక్‌లో అది నిజం కన్నా తక్కువ చెబుతుంది. ఈసీయూ కొంచెం ఎక్కువ పెట్రోల్ కొట్టి మళ్ళీ తగ్గించుకుంటుంది, ట్రిమ్ మైనస్ వైపు జరుగుతుంది. మార్చకముందు ఉన్నదానికి మూడు నాలుగు శాతం కిందికి జరిగితే పర్వాలేదు. అంతకన్నా బాగా కిందికి దిగితే సెన్సర్ మరీ చల్లటి చోట కూర్చుందని అర్థం, త్రాటిల్ బాడీ వైపు జరపాలి.

అన్నిటికన్నా ముఖ్యం నాకింగ్. మధ్యాహ్నం ఎండలో, ఇంజిన్ బాగా వేడెక్కాక, మూడో గేరులో తక్కువ వేగం నుంచి ఎత్తు ఎక్కుతూ పెడల్ పూర్తిగా నొక్కి, అద్దాలు దించి వినండి. టకటకమని సన్నటి లోహపు చప్పుడు వస్తే వెంటనే పెడల్ వదిలి, సెన్సర్‌ని పాత చోటికి మార్చెయ్యండి. మీ కారు లాంటి పాత ఇంజిన్లు కొన్నింటిలో నాక్ సెన్సరే ఉండదు, గాలి, కూలెంట్ ఉష్ణోగ్రతలే వాటికి కాపలా. ఆ చప్పుడు రోజూ వింటూ నడిపితే పిస్టన్ పగిలేదాకా వస్తుంది.

రెసిస్టర్ వద్దన్నది ఇందుకే. దాన్ని సెన్సర్ బదులు పెడితే ఎండాకాలమైనా, ఇంజిన్ మరిగిపోతున్నా ఈసీయూకి ఎప్పుడూ ఒకే చల్లటి అంకె కనబడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ సరిచెయ్యని సమయాల్లో పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, టైమింగ్ ఎక్కువ ఇస్తుంది. మొదటి రోజు పికప్ వచ్చినట్టే అనిపిస్తుంది. తర్వాత మైలేజీ పడిపోవచ్చు, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచెయ్యొచ్చు, వేడిలో నాకింగ్ వచ్చినా ఈసీయూకి ముందుగా చెప్పేవాళ్ళుండరు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బైకుల కోసం సెన్సర్‌కీ కప్లర్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బాలు అమ్ముతున్నారు. అవీ ఇదే జాతి, కాకపోతే చెప్పే అబద్ధం కొంచెం చిన్నది.

ఇది చదివి వేరే బళ్ళవాళ్ళు కూడా మొదలుపెడతారేమోనని రెండు మాటలు. ఎయిర్ ఫ్లో మీటర్ ఉన్న కార్లలో గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఎక్కువగా ఆ మీటర్‌లోనే, ఫిల్టర్ పక్కనే ఉంటుంది. అక్కడ మార్చాల్సింది ఏమీ లేదు. ప్రెషర్, ఉష్ణోగ్రత రెండూ ఒకే సెన్సర్‌లో మానిఫోల్డ్ మీద ఉన్న కార్లలో ప్రెషర్ భాగం అక్కడే ఉండి తీరాలి కాబట్టి మొత్తం కదపలేరు. ఉష్ణోగ్రత వైర్లు మాత్రం విడదీసి వేరే సెన్సర్‌కి ఇవ్వడం నేను ఎవరికీ చెప్పను.

టర్బో బళ్ళకి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పెట్రోల్ అయినా డీజిల్ అయినా సరే, ఇంటర్‌కూలర్ తర్వాత ఉన్న ఉష్ణోగ్రత సెన్సర్‌ని టర్బోకి ముందుకి మార్చకండి. టర్బో గాలిని నొక్కినప్పుడు అది 100 డిగ్రీలు దాటి వేడెక్కగలదు. దాన్ని ఇంటర్‌కూలర్ ఎంత చల్లబరిచిందో ఈసీయూకి చెప్పేది ఆ ఒక్క సెన్సరే. ఇంటర్‌కూలర్ మట్టితో మూసుకుపోయిన రోజు ఇంజిన్‌ని కాపాడేది కూడా అదే.

మీ బండిలో ఎంత లాభం వస్తుందని అడిగారు. హైవే మీద నిలకడగా పోయేటప్పుడు ఏమీ ఉండదు, ఎందుకంటే అప్పుడు సెన్సర్ ఇప్పటికే దాదాపు నిజమే చెబుతోంది. గరిష్ఠ బలం పెరగదు. వేడి రీస్టార్ట్ తర్వాత మొదటి కొన్ని నిమిషాలు, గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో పాకేటప్పుడు మాత్రం ఇప్పుడున్న మొద్దుతనం తగ్గుతుంది. అదీ టైమింగ్ నిజంగా పడిపోతోందని తేలితేనే.

ముందు తెల్లవారుజాము రీడింగ్, తర్వాత ఎస్.కోట దగ్గర వేడి రీస్టార్ట్ చేసి తీసిన రికార్డు పెట్టండి. గాలి ఉష్ణోగ్రత, కూలెంట్, టైమింగ్, రెండు ట్రిమ్‌లు, ఇంజిన్ వేగం, మానిఫోల్డ్ ప్రెషర్ ఈ ఏడూ ఉంటే చాలు. ఫిల్టర్ డబ్బా ముందు గొట్టం ఉందో లేదో ఒక ఫోటో కూడా తీయండి. అవి చూశాక సెన్సర్ రకం మార్చడం సరిపోతుందో, చోటు మార్చాలో చెబుతాను.